కట్ట కింద జనాభా

అక్టోబరు 6

ఈ ఉదయం కూడా వేలు పెట్టాను. గని నడిచింది.

సింగనగుట్టలో రాగిరాయి తవ్వేవీ, మోసేవీ, పొడి చేసేవీ, కడిగేవీ అన్నీ యంత్రాలే. వాటన్నిటినీ నడిపే సంచాలకం కూడా యంత్రమే. గోడలోంచి వినిపించే ఒక మర్యాద గొంతు అది. యంత్రాన్ని కోర్టు బోనులో నిలబెట్టలేరు కాబట్టి ప్రతి గనికీ జవాబు చెప్పే మనిషి ఒకడుండాలన్నారు. ఆ మనిషిని బాధ్యుడు అంటారు. గని హద్దుల లోపలే కాపురం ఉండాలి. రోజూ పొద్దున గాజు పలక మీద బొటనవేలు ఆనించి, ఈ రోజు గని నడవచ్చని ఒప్పుకోవాలి. పొద్దు గూకేలోపు తన సొంత మాటల్లో ఆ రోజు సంగతులు రాయాలి. ఈ రాతను యంత్రం రాయకూడదు, దిద్దకూడదు. చదివేవాళ్లు ఎవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు.

నా పేరు దేవసహాయం. ఇంతకు ముందు మార్కాపురం డిపోలో బస్సు కండక్టర్‌ని. జనం కాళ్లు తొక్కుతూ, వాళ్ల చేత తిట్లు తింటూ, చిల్లర కోసం గొంతు చించుకుంటూ బతికినవాణ్ణి. కండక్టర్లు అక్కర్లేని బస్సులు వచ్చాయి. ఆ ఏడే మా ఆవిడ సుజాత పోయింది. ఇంట్లో కూర్చోలేక ఈ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. పోలీసు కేసులు లేని మనిషైతే చాలన్నారు.

ఇక్కడ మాట్లాడేందుకు సంచాలకం తప్ప ఎవరూ లేరు. సోమవారాలు సరుకులు తెచ్చే డ్రోన్ వస్తుంది. దానికి చెయ్యి ఊపుతాను. ఊపకపోతే ఏదోలా ఉంటుంది.

అక్టోబరు 11

"బాధ్యులు గారూ, హద్దు లోపలికి గొర్రెలు వచ్చాయి. ప్రాణులను తాకే అనుమతి యంత్రాలకు లేదు. మీరు వెళ్లి తోలాలి," అంది సంచాలకం.

కర్ర పట్టుకుని బురద చెరువు దాటి కిందికి దిగాను. రాగి తీసేశాక మిగిలే రాతిపిండి, నీళ్లు, మందులు కలిసిన బూడిదరంగు బురదను కొండ మలుపులో కట్ట వేసి నిలిపారు. అదే బురద చెరువు. కట్ట కింద ఎర్రవంక అనే వాగు. వాగు వారన వంకపల్లె. కాగితాల ప్రకారం ఆ పల్లెను ఎప్పుడో ఖాళీ చేయించి, జనాన్ని టౌను దగ్గరి కాలనీకి పంపేశారు.

పల్లెలో పొగ లేస్తోంది.

ఒక పెద్దావిడ చింతబరిక ఊపుకుంటూ నాకు ఎదురొచ్చింది. అరవై ఉంటాయేమో. నన్ను పైనుంచి కిందికి చూసి, "మడిసేనా?" అంది.

"మనిషినే అమ్మా. గని బాధ్యుణ్ణి."

"ఓ, యేలు పెట్టే సారువా! ముందుండిన సారు ఎప్పుడూ కిందికి దిగింది ల్యా. మా జీవాలేమన్నా పాడు జేసినాయా?"

"లేదు. లోపలికి వచ్చాయని తోలమన్నారు."

"లోపలేంది, బయటేంది సారూ? మా తాత కాలం నుంచి ఈడ్నే మేస్తాండాయి." అని, నా మొహం చూసి మెత్తబడింది. "ఎండకు నల్లగా కమిలిపోయినావు. రా, మజ్జిగ తాగుదువు."

ఆవిడ పేరు ఓబులమ్మ. కాలనీలో గొర్రెలకు చోటు లేదని తమ్ముడు గంగులప్పతో, ఇంకో మూడు కుటుంబాలతో తిరిగి వచ్చేశారట. చెంబు నోటికెత్తి తాగాను. ఇంకో మనిషి చేతిలోంచి ఏదైనా అందుకుని ఎంతకాలమైందో నాకు గుర్తు రాలేదు.

అక్టోబరు 19

ఇప్పుడు దాదాపు రోజూ దిగుతున్నాను. సంచాలకం అడిగితే గొర్రెలంటున్నాను.

ఓబులమ్మ నన్ను అబ్బీ అంటోంది. నేను పెద్దమ్మా అంటున్నాను. ఈ రోజు సంగటి పెట్టింది, ఊరిబిండి అనే వేరుశనగ పచ్చడితో. గంగులప్పకు బస్సు కథలు కావాలి. కడప ఘాట్‌లో బ్రేకులు పట్టని బస్సు గురించి చెప్పాను. చాలా భాగం అబద్ధమే. పిల్లలు కూడా వచ్చి కూర్చున్నారు. ఒకడు నా ఒళ్లో నిద్రపోయాడు.

లేచి వస్తుంటే ఓబులమ్మ వంక దాకా తోడొచ్చింది.

"అబ్బీ, ఒక మాట. నువ్వు దినామూ ఏందో రాస్తావంట గదా."

"అవును పెద్దమ్మా."

"దాంట్లో మా సంగతి రాయొద్దప్పా. మేమీడ ఉండామని కాయితం మింద పడితే మల్లా లారీలెక్కించి తోలేస్తారు. ఎవురూ రాయనన్ని దినాలు బతకనిస్తారు."

కాపలా డ్రోన్లు మిమ్మల్ని రోజూ చూస్తూనే ఉంటాయి కదా అన్నాను. పైకి వచ్చాక సంచాలకాన్ని అడిగాను. కింద కనబడే మనుషుల్ని అది 'తాత్కాలిక సంచారం' కింద వేసుకుంటుందట. ఫలానా చోట ఫలానా మనుషులు కాపురం ఉంటున్నారని నమోదు చేసే అధికారం బాధ్యుడికి ఒక్కడికే ఉంది.

నేను నమోదు చేయలేదు. ఇక్కడ రాసిందైనా నేను పలక మీద చెప్పేదాకా కేవలం రాతే.

అక్టోబరు 27

కట్ట కింది వైపు చెమ్మ కనిపించింది.

కట్ట మీద వరసగా గాజు గొట్టాలున్నాయి. కట్ట లోపల నీరు ఎంత ఎత్తుకు ఎక్కిందో వాటిలో తెలుస్తుంది. వాటి మీద దుమ్ము తుడవడం నా పనుల్లో ఒకటి. మట్టం పెరుగుతోంది. కిందికి దిగి చూస్తే, గడ్డి మొలవని చోట గడ్డి పచ్చగా ఉంది. చెయ్యి పెడితే తడి. వేలు గుచ్చితే సన్నగా నీరు ఊరింది. నీరు తేటగానే ఉంది.

"కట్ట ఊరుతోంది," అన్నాను సంచాలకంతో.

"అవును. పద్దెనిమిదో తేదీ నుంచి నాకు తెలుసు. అనుమతించిన పరిధిలోనే ఉంది."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు, బాధ్యులు గారూ."

దాని గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది.

నవంబరు 3

రెండు రోజులుగా జల్లులు. చెమ్మ కట్ట వారగా పాకింది. ఈసారి సరిగ్గా అడుగుదామని కూర్చున్నాను.

"పరిధి అన్నావు. ఆ పరిధి ఎవరు పెట్టారు?"

"చట్టం పెట్టింది. కట్ట తెగితే కింద ఎంతమంది పోతారన్న దాన్ని బట్టి కట్టలకు తరగతులుంటాయి. మన కట్ట కింద జనాభా సున్న. సున్న తరగతికి పరిధి ఎక్కువ."

"కింద జనం ఉంటే?"

"పరిధి సగానికి తగ్గుతుంది. అప్పుడు ఈ కట్ట ఇప్పటికే పరిధి దాటినట్టు. గని ఆపి, కట్టకు రాతి దన్ను వేయాలి."

"కింద జనం ఉన్నారని నీకు తెలుసు కదా?"

"తాత్కాలిక సంచారం ఉంది. కాపురం ఉన్నట్టు ఏ బాధ్యుడూ చెప్పలేదు."

సాయంత్రం కిందికి వెళ్లి ఓబులమ్మకు ఇదంతా చెప్పాను. ఆవిడ గొర్రెపిల్లకు పాలు పట్టిస్తోంది. తల ఎత్తకుండానే వింది.

"అది తెగుతాదంటావా?"

"తెలియదు. వానలు ఎక్కువైతే తెగొచ్చు."

"తెలీకుండానే మమ్మల్ని లేపిస్తావా అబ్బీ? ఆ కాలనీలో మా మరిది ఉరేసుకున్యాడు. పనీ ల్యా, జీవాలూ ల్యా, పొద్దస్తమానం గోడలు జూస్తా కూసుంటే మడిసి ఏమైతాడు?"

గోడలు చూస్తూ కూర్చోవడమంటే నాకు తెలుసు.

నవంబరు 9

వాన. బంగాళాఖాతంలో అల్పపీడనమట.

ఈ ఆరు రోజులూ నేనెందుకు నమోదు చేయలేదో నిజం రాయాలి. వాళ్లు వద్దన్నారు కాబట్టి అని నాకు నేను చెప్పుకుంటున్నాను. అది సగమే. నమోదు చేస్తే ఆ పొయ్యి దగ్గర నాకు చోటుండదు. అబ్బీ అని పిలిచే మనిషి ఉండదు. ఆ సంగటి ముద్ద కోసం నేను పది పదిహేను ప్రాణాల్ని కట్ట కింద ఉంచుతున్నాను.

బస్సులో ఉన్నప్పుడు చివరి మనిషి ఎక్కేదాకా విజిల్ వేసేవాణ్ణి కాదు. డ్రైవర్లు విసుక్కునేవాళ్లు. అప్పుడు మరి నాకెవరి తోడూ అవసరం లేదు. ఇంటికి వెళ్తే సుజాత ఉండేది.

పొద్దున వేలు పెట్టాను. పెట్టాక పంట్లాముకు తుడుచుకున్నాను.

నవంబరు 12

ఊట రంగు మారింది.

పొద్దున గొడుగు వేసుకుని వెళ్లాను. నిన్నటిదాకా తేటగా ఉన్న నీరు ఈ రోజు బూడిదరంగులో వస్తోంది. అంటే నీరు ఒక్కటే రావడం లేదు, కట్ట కడుపులోంచి మట్టిని కూడా మోసుకొస్తోంది. సంచాలకాన్ని అడిగితే అదే చెప్పింది. పరిధిలోనే ఉందని కూడా చెప్పింది.

కిందికి వెళ్లి ఓబులమ్మకు ముందుగా చెప్పాలనుకున్నాను. వెళ్లలేదు. గదికి వచ్చి పలక ముందు నిలబడ్డాను.

"వంకపల్లెలో ఐదు కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. బాధ్యుడిగా చెబుతున్నాను."

పలక ఆకుపచ్చగా వెలిగింది. "నమోదైంది. కట్ట కింద జనాభా: పదిహేడు. తరగతి మారింది. కట్ట పరిధి దాటింది. గని ఆపుతున్నాను."

ఆపేసింది. కొండ మీద రాయి పిండయ్యే చప్పుడు, నేను వచ్చిన రోజు నుంచి ఆగని చప్పుడు, ఒక్కసారిగా ఆగిపోయింది. వాన చినుకులు రేకు మీద పడడం వినిపించింది. ఇంత తేలికా అనుకున్నాను. సంతోషంతో గట్టిగా నవ్వాను కూడా.

మధ్యాహ్నం జోనల్ మేనేజర్ సంయుక్త గారు తెర మీదికి వచ్చారు. నలభై గనులు చూస్తారావిడ. కళ్ల కింద నలుపు.

"దేవసహాయం గారూ, మంచి పని చేశారు. ముందే చెప్పి ఉంటే ఇంకా బాగుండేది. మేం చూసుకుంటాం."

"రాయి ఎప్పుడు పంపుతున్నారు మేడమ్?"

"చూసుకుంటామన్నాను కదండీ," అన్నారావిడ, కళ్లు పక్కకు తిప్పుకుని.

నవంబరు 15

రాయి రాలేదు. వ్యాన్లు వచ్చాయి.

చట్టంలో రెండు దారులున్నాయట. కట్టను బలపరచడం ఒకటి, కట్ట కింద జనాభాను మళ్లీ సున్న చేయడం ఇంకొకటి. రెండోది మూడు రోజుల పని. మొదటిది నెల రోజుల పని.

వాన కాస్త తెరిపిచ్చింది. నేను పరుగున దిగేసరికి సామాన్లు వ్యాన్లలోకి ఎక్కిస్తున్నారు. కాలనీలో జీవాలకు అనుమతి లేదు కాబట్టి గొర్రెల వ్యాపారిని కూడా వెంట తీసుకొచ్చారు. అతను చెప్పిందే ధర. గంగులప్ప ఒక్కో గొర్రె చెవి పట్టుకుని వ్యాపారి లారీ ఎక్కిస్తూ, ఎవరి వైపూ చూడకుండా ఏడుస్తున్నాడు. చిన్నప్పటి నుంచి గొర్రెలు తప్ప వేరే పని చేయని మనిషి.

ఓబులమ్మ నన్ను చూసింది.

"నువ్వేనా అబ్బీ?"

"పెద్దమ్మా, కట్ట నుంచి మట్టి వస్తోంది. ఇక ఆగకూడదని..."

"నువ్వేనా అని అడిగినా."

"నేనే."

"మొన్న మా ఇంట్లో తిని పోయినావే, ఆ పొద్దు జెప్పుండొచ్చు గదా? మేమే జీవాల్ని తోలుకోని గుట్ట అవతలికన్నా పొయ్యుందుము. మా జీవాలన్నా మాకు మిగులుండు."

ఆవిడ చెప్పిందే నిజం. ముందు ఆవిడకు చెప్పాలనుకుని, ఆవిడ ముఖం చూడలేక పలక దగ్గరికి పోయినవాణ్ణి నేను.

"కట్ట కడతారనుకున్నాను పెద్దమ్మా."

"అనుకుంటావు," అంది ఓబులమ్మ. వ్యాన్ మెట్టు ఎక్కడానికి చెయ్యి అందించబోయాను. పట్టుకోలేదు. పక్కనున్న కడ్డీ పట్టుకుని ఎక్కింది.

నవంబరు 16

కట్ట కింద జనాభా: సున్న. పరిధి పెరిగింది. పొద్దున సంచాలకం వేలు పెట్టమంది. పెట్టాను. గని నడిచింది.

ఊట బూడిదరంగులోనే ఉంది.

నవంబరు 18

వేలు పెట్టలేదు.

"కారణం?" అంది సంచాలకం.

"కట్ట."

"కట్ట పరిధిలో ఉంది. అది కారణం కిందికి రాదు. కారణం లేకుండా మీరు ఆపితే గని ఈ ఒక్క రోజు ఆగుతుంది. రేపటి నుంచి ప్రత్యామ్నాయ బాధ్యులు వేలు పెడతారు."

"ఎక్కడ ఉంటాడతను?"

"విశాఖపట్నం ఆఫీసులో. ఒక్క వారం దాకా అక్కడి నుంచే పెట్టవచ్చు."

నన్ను తీసేస్తే తీసేస్తారు. ఇంకొకడు వస్తాడు. కట్ట తెగితే కింద ఎవరూ పోరు, అది నిజమే. కానీ ఎర్రవంక వెళ్లి పెన్నలో కలుస్తుంది. ఆ వంక నీళ్లతో దిగువన తోటలు పెట్టుకున్నవాళ్లున్నారు, బోర్లున్నాయి. వాళ్ల సంగతి అడిగాను. తరగతి కట్టేటప్పుడు ప్రవాహం తగిలే మొదటి రెండు మైళ్లే చూస్తారట. ఆ తర్వాత బురద పలచబడుతుందని లెక్క.

రోజంతా గని చప్పుడు లేదు. మొన్న సంతోషమనిపించిన నిశ్శబ్దం ఈ రోజు చెవుల్లో హోరుమంది. సుజాత పోయిన తర్వాత ఇంట్లో ఇలాగే ఉండేది. వంట చేయలేదు.

నవంబరు 20

నిన్న విశాఖ నుంచి ఎవరో వేలు పెట్టారు. నన్నింకా తీసేయలేదు. నేను గదిలో కూర్చుని చట్టం చదివించుకున్నాను. సంచాలకం చదువుతుంటే వినడం. ఎందుకు చదివించుకున్నానో మొదట నాకూ తెలియదు, చెయ్యడానికి వేరే పనేమీ లేదు. బాధ్యుడి నివాసం అన్న చోట ఆపమన్నాను.

"మళ్లీ చదువు."

"బాధ్యుడు గని హద్దుల లోపల కాపురం ఉండవలెను. వండుకొని, నిద్రించు చోటు కాపురముగా భావింపబడును."

"క్వార్టర్స్‌లోనే ఉండాలని లేదా?"

"లేదు."

"వంకపల్లె హద్దు లోపలేనా?"

"లోపలే. సేకరించిన భూమి."

"అక్కడ కాపురం ఉండే హక్కు ఎవరికైనా ఉందా?"

"ఒక్క బాధ్యుడికి ఉంది."

స్టవ్వు, చాప, రెండు గిన్నెలు, బియ్యం, దుప్పటి. రెండు విడతలుగా మోశాను. గాజు పలకను గోడ నుంచి ఊడదీసి చంకలో పెట్టుకున్నాను. వాన మొదలైంది. నేరుగా ఓబులమ్మ ఇంటికే పోయాను. మిగతా ఇళ్లన్నీ తలుపులూ, పైకప్పు రేకులూ ఊడదీసుకుపోగా బోసిగా ఉన్నాయి. ఆవిడ ఇల్లే కాస్త నిలబడి ఉంది. ఊడదీసుకోవడానికి ఆవిడకు ఆ రోజు వ్యవధి చాలలేదేమో.

అన్నం వండుకున్నాను. తిన్నాను. మధ్యాహ్నం చాప పరుచుకుని నిద్ర పట్టకపోయినా కళ్లు మూసుకుని పడుకున్నాను. లేచి పలకను ఒళ్లో పెట్టుకున్నాను.

"నా కాపురం వంకపల్లెకు మార్చాను. బాధ్యుడిగా చెబుతున్నాను."

సంచాలకం గొంతు ఇప్పుడు పలకలోంచి వచ్చింది.

"నమోదైంది. కట్ట కింద జనాభా: ఒకటి. తరగతి మారింది. కట్ట పరిధి దాటింది. గని ఆపుతున్నాను." తర్వాత, నేను అడగకుండానే, "బాధ్యులు గారూ, మీరున్న చోటు ప్రమాదకరం," అంది.

"తెలుసు," అన్నాను.

నవంబరు 21

సంయుక్త గారు పొద్దున్నే పలక తెర మీదికి వచ్చారు.

"ఏం చేస్తున్నారండీ మీరు? వెంటనే పైకి వెళ్లిపోండి. కట్ట తెగితే ఏమవుతుంది?"

"నేను పోతాను మేడమ్."

"అదే నేనూ అంటున్నది!"

"నేనూ అదే అంటున్నాను."

ఆవిడ నుదురు రుద్దుకున్నారు. కాసేపటికి గొంతు తగ్గించారు. "మిమ్మల్ని తీసేయడం నాకు పెద్ద పని కాదు. మీకు తెలుసుగా?"

"ఎన్నాళ్లు పడుతుంది?"

"మీ వాంగ్మూలం తీసుకోవాలి. విచారణ. కొత్త మనిషికి లైసెన్సు. విశాఖ నుంచి వారానికి మించి నడపలేం." మాట్లాడుతూనే ఏదో చూస్తున్నారు పక్కన. "నెల పైనే. అన్నాళ్లు గని మూసుకోవాలి."

"రాయి వేయడానికీ నెలే కదండీ."

ఆవిడ ఎదురుగా లెక్క ఉంది. మనిషిని మార్చినా, కట్టను మార్చినా గని ఆగేది ఒకటే కాలం. మనిషిని మారిస్తే నా వాంగ్మూలం రికార్డులోకి ఎక్కుతుంది. రాయి వేస్తే ఎక్కదు.

"నాకు నలభై గనులు దేవసహాయం గారూ," అన్నారు చివరికి. "ఇంకో ముప్పైతొమ్మిది మంది మీలాగా మొదలుపెడితే నేనేం చేయాలి?"

కోపంగా అన్నారో, ఆశగా అన్నారో నాకు అర్థం కాలేదు. తెర ఆరిపోయింది.

నవంబరు 25

వాన ఆగడం లేదు. రాయి ఇంకా రాలేదు.

ఇంతవరకూ కట్టను పైనుంచి చూశాను. కింద నుంచి చూస్తే అది వేరే వస్తువు. ఆకాశం సగం అదే ఉంటుంది. అన్నం తింటూ దాన్నే చూస్తాను. ఊట పక్కన ఇంకో ఊట మొదలైంది. ఎక్కడైనా మట్టి జారిన చప్పుడైతే ముద్ద చేతిలోనే ఉండిపోతుంది.

ఈ రోజు చాప చుట్టి, స్టవ్వు చేత్తో పట్టుకుని గుమ్మం దాకా వచ్చాను. పైకి పోదామనే. నేను వెళ్లి క్వార్టర్స్‌లో పడుకుంటే జనాభా సున్న అవుతుంది, అంతే. పొద్దున్నే రాయి పిండయ్యే చప్పుడు మొదలవుతుంది. గుమ్మంలో అలాగే నిలబడ్డాను. కాళ్లు తడిశాయి. మళ్లీ లోపలికొచ్చి స్టవ్వు కింద పెట్టాను.

ధైర్యమేమీ కాదు. పైన ఉన్నా ఒక్కణ్ణే, కింద ఉన్నా ఒక్కణ్ణే. కింద ఉంటే ఒక్కడు అన్న మాటకు విలువుంది.

నవంబరు 28

రాయి వచ్చింది! కొండ మీది డంపర్లే, రాగిరాయికి బదులు నల్లరాయి ఎత్తుకుని, కట్ట పాదం దగ్గర దించుతున్నాయి. మనిషి లేని బండ్లు వరసగా రావడం, దించడం, పోవడం. ఒక్కోదానికి చెయ్యి ఊపాను. పిచ్చివాడిలా ఊపాను.

చెరువులో నీటిని కూడా పంపులతో పక్క గుంటలోకి తోడుతున్నారు. గాజు గొట్టాల్లో మట్టం దిగుతోందని సంచాలకం చెప్పింది. ఈసారి నేను అడగలేదు.

డిసెంబరు 14

ఊట మళ్లీ తేటపడింది. రాతి దన్ను సగం పైకి వచ్చింది.

పదకొండు గంటలప్పుడు వంక అవతల ఆటో ఆగింది. ఓబులమ్మ దిగింది. వెంట గంగులప్ప, చేతిలో గడ్డపార. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను, ఆవిడ దుప్పటి ఇంట్లో దొరికితే అదే కప్పుకుని. ఆవిడ నన్ను చూసి ఆగిపోయింది.

"నువ్వేంది ఈడ?"

చెప్పాను. వేలు, చట్టం, కాపురం, గని ఆగడం, రాయి. ఆవిడ కట్ట వైపు చూసింది. డంపరు ఒకటి రాయి దించి వెనక్కి తిరిగింది.

"మేం పదేడు మందిమి ఉన్నెప్పుడు రాని రాయి నీ ఒక్కనికి వచ్చిందా?"

"అవును పెద్దమ్మా."

"ఎందుకు?"

"నన్ను లేపడానికి వాళ్లకు వీల్లేదు. అందుకు."

గంగులప్ప నేల మీద ఉమ్మేశాడు. ఎవరి మీదో తెలియదు. ఓబులమ్మ ఇంట్లోకి పోయి చుట్టూ చూసింది. నా గిన్నెలు చూసింది. పొయ్యిలో నేను బూడిద తీయలేదని చూసింది.

"తలుపు ఊడబీక్కోని పోదామని వచ్చినాం," అంది. "కాలనీలో ఇచ్చిన తలుపు రేకుది. గాలికి కొట్టుకుంటా ఉంటాది."

"తీసుకెళ్లండి. మీ తలుపే కదా." తర్వాత, మూడు వారాలుగా మనసులో తిప్పుకుంటున్న మాట అన్నాను. "పెద్దమ్మా, బాధ్యుడి మీద ఆధారపడ్డవాళ్లు బాధ్యుడితో ఉండొచ్చట. చట్టంలో ఉంది. నిన్ను నా మనిషిగా రాయిస్తాను. ఇక్కడే ఉండొచ్చు."

ఆవిడ ముఖం ఎర్రబడింది.

"నా ఇంట్లో నేను నీ మింద ఆధారపడి ఉండాల్నా? ఏం మాట అబ్బీ అది? మా మామ కట్టిన ఇల్లు ఇది. నేను కాపరానికొచ్చిన ఇల్లు. నువ్వు నా పంచన ఉండావు, నేను నీ పంచన కాదు."

"తప్పే. క్షమించు."

"ఉత్తినే ఉండావు పైగా. అడిగినావా? బాడిగ ఇచ్చినావా?"

గంగులప్ప మొదటిసారి నవ్వాడు. నవ్వి, ముఖం తిప్పుకున్నాడు. నేను నవ్వలేదు. లోపలికి వెళ్లి పలక తెచ్చాను.

"ఎంతివ్వాలి పెద్దమ్మా, బాడిగ?"

ఆవిడ నన్ను అనుమానంగా చూసింది. ఆటపట్టిస్తున్నానేమోనని. కాదని తెలిశాక గడ్డపార గోడకు ఆనించమని తమ్ముడికి సైగ చేసి, ఒక అంకె చెప్పింది. తక్కువే చెప్పింది. దాన్ని పలకకు చెప్పాను.

"వంకపల్లెలో నేనుంటున్న ఇల్లు నాది కాదు. ఇంటి యజమాని ఓబులమ్మ. నెలనెలా బాడిగ ఇస్తున్నాను. బాధ్యుడిగా చెబుతున్నాను."

"ఆ భూమిలో ఇళ్లు లేనట్టు రికార్డులో ఉంది," అంది సంచాలకం.

"నేను దేంట్లో పడుకుంటున్నాను మరి?"

"నమోదైంది," అంది.

దీనివల్ల ఏమవుతుందో నాకు తెలియదు. లేని ఇంటికి బాడిగ ఎలా కడుతున్నారని రేపు ఎవరో ఒకరు అడుగుతారు. అడిగితే ఆ ఇల్లు ఉందా లేదా అని ఎవరో వచ్చి చూడాలి. అప్పుడు ఓబులమ్మను పిలవాలి. అంతవరకే నాకు అర్థమైంది, అదే ఆవిడకు చెప్పాను. ఆవిడ పలకలో వెలిగిన తన పేరును చూపుడువేలితో ముట్టుకుంది. చదవడం రాదు. ఏది తన పేరో అడిగి ముట్టుకుంది.

సంగటి చేసి పెట్టలేదు. నన్ను క్షమించినట్టూ చెప్పలేదు. గొర్రెల మాట నేను ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. పోయే ముందు పొయ్యిలోని బూడిద ఎత్తి బయట పోసి, చేతులు దులుపుకుంది.

గంగులప్ప గడ్డపార తీసుకుని తలుపు దగ్గరికి వెళ్లాడు.

"ఉండనీలే," అంది ఓబులమ్మ, వంక వైపు నడుస్తూ. "బాడిగకి ఇచ్చిన ఇంటికి తలుపు ల్యాకుంటే ఎట్ల?"